కరగని ఉప్పు

శృంగవరపుకోట బస్సు షెడ్డులో ఆ మనిషి కూర్చున్నవాడు కూర్చున్నట్టే చచ్చిపోయి ఉన్నాడు. పక్కన మూసిన గొడుగు. కుడి భుజం పొడిగా ఉంది. ఎడమ భుజం నుంచి మోకాలి దాకా తడి. మెడ వెనక, జుట్టు మొదలయ్యే చోట, చీమ కుట్టినంత గుర్తు.

అతని పేరు జగన్నాధం. బస్సు కండక్టర్ల లెక్కలో కొండచీపుర్లు కొనే చిన్న వ్యాపారి. ఢిల్లీలో ఒక ఫైలు లెక్కలో ఏజెంట్ K-4.

మర్నాడు ఎల్లాజీ నెల్లిమర్లలో ఒక గోగునార గోడౌన్ తలుపు తట్టాడు.

"ఎండు నెత్తళ్ళు ఉన్నాయా?" అంది లోపలి గొంతు.

"సావడా చేపలే మిగిలాయి."

తలుపు తెరుచుకుంది. డేవిడ్‌రాజు ఊరికి గోగునార కొనే ఏజెంటు. ఉత్తరాంధ్ర సీక్రెట్ సెక్షన్‌కి చీఫ్. ఎల్లాజీ ఊరికి ఉప్పూ ఎండుచేపా కొండ సంతలకి తోలే వ్యాపారి. సెక్షన్‌కి ఏజెంట్ K-7. పన్నెండేళ్ళుగా రెండు పనులూ చేస్తున్నాడు. ఆ రెంటిలో ఏది అసలుదో, ఏది వేషమో తేల్చుకునే తీరిక అతనికి దొరకలేదు.

"భుజం సంగతి విన్నావా?" అన్నాడు డేవిడ్‌రాజు.

"ఇన్నాను. ఒక గొడుగులో ఇద్దరు నడిస్తే పట్టుకున్నోడికే ఒక పక్క తడుస్తాది. తెలిసిన మనిషినే పక్కన నడిపించుకున్నాడు."

"అంతవరకూ నేనూ వెళ్ళాను. ఆ తరవాత దారి లేదు." డేవిడ్‌రాజు ఒక ఫోటో బల్ల మీద పెట్టాడు. తెల్లగడ్డం, గుండ్రటి కళ్ళజోడు. "ప్రొఫెసర్ హాల్డర్. మొక్కల శాస్త్రవేత్తనంటాడు. పర్మిట్లన్నీ ఢిల్లీవి. వారం రోజులు కొండల్లో తిరిగి ఆర్కిడ్లు ఏరుకుంటాడట."

"ఆషాఢంలోనా?"

"జగన్నాధం కూడా అదే అడిగాడు."

బయట వాన గోడౌన్ రేకుల మీద బస్తాలు దింపుతున్నట్టు పడుతోంది. డేవిడ్‌రాజు బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. కొత్తవలస నుంచి కొండల్లోకి వేసిన కొత్త రైలు లైను. దాని మీద గుమ్మగెడ్డ అనే కొండవాగుని దాటే వంతెన. విదేశీ గూఢచారుల రింగ్ ఒకటి ఆ వంతెనని పేల్చి లేపెయ్యాలని చూస్తోంది. లైను పొడవునా కాపలా ఉంది. కొండల వెనకనుంచి నడిచొస్తే కాపలా లేదు. ఆర్కిడ్లు అందుకే.

"జగన్నాధం ఆఖరి వైర్‌లెస్ మెసేజ్ ఇది. శనివారం పొద్దున్న ఏడుంపావు. సరుకు పెట్టెల్లో లేదు. అంతే. శనివారం ఏడుంపావుకి లైను కూలీల బండి ఆ వంతెన దాటి కొత్తవలస సంతకి దిగుతుంది. రెండు వందల మంది."

ఎల్లాజీ ఫోటో బోర్లించాడు.

"మా సెల్లి దాలమ్మ ఆ లైనులో కంకర మోస్తాది."

"తెలుసు. అందుకే నిన్ను ఈ పని మీద వెయ్యకూడదనుకున్నాను. కానీ వెయ్యడానికి ఇంకెవరూ లేరు."

"బండి ఆపించీండి."

"ఆపితే హాల్డర్ ఇంకో శనివారం చూసుకుంటాడు. ఆ శనివారం ఏదో మనకి తెలీదు. మనిషిని పట్టుకుందామంటే ఆ పేలుడు సరుకు చేతిలో ఉండాలి. అతని పెట్టెలు మూడుసార్లు తెరిపించాం. సీసాలు, అట్టలు, మొక్కలు ఆరబెట్టే టైం చూడ్డానికట, ఒక గడియారం. వాళ్ళకి ఇప్పుడు కొండదారులు తెలిసినవాడు కావాలి, ప్రయాణం ప్లాను వేసిపెట్టడానికి. ఆ ప్లాను నువ్వే వెయ్యి. శనివారం నాటికి వాళ్ళు వంతెన దగ్గర ఉండకూడదు. ఉంటే, సరుకు ఎక్కడుందో నీకు తెలిసుండాలి."

"అక్కడ మనవాళ్ళెవరైనా ఉన్నారేటి?"

"K-9 పద్మకుమారి. హాల్డర్‌కి ఇంటర్‌ప్రెటర్. మన మనిషే."

"నమ్మొచ్చా?"

డేవిడ్‌రాజు ఫోటో వెనక్కి తీసుకున్నాడు. బల్ల సొరుగు లాగి పరికరాలు తీశాడు. ఎండుచేపల బుట్ట అడుగున పెట్టే వైర్‌లెస్ సెట్టు. ఒకే ఒక్క ముల్లు విసిరే ఫౌంటెన్ పెన్ను. చొక్కా బొత్తాంలో ఇమిడే కెమెరా. ఎల్లాజీ మూడింటినీ చేత్తో ఎత్తి చూశాడు. ఏడు రోజుల కొండవానకి తట్టుకునేది మూడింటిలో ఒక్కటీ కనిపించలేదు. ఎండుచేప నయం, తడిస్తే కంపైనా కొడుతుంది.

కొత్తవలస లాడ్జిలో హాల్డర్ మంచం నిండా మ్యాపు పరిచాడు. పద్మకుమారి కిటికీ దగ్గర నిలబడి ఉంది. నైలాన్ చీర, నల్ల కళ్ళద్దాలు, విశాఖపట్నం పెద్ద హోటళ్ళ సెంటు వాసన. అంత వానలోనూ ఆమె దగ్గర గొడుగు లేదు. గొడుగులున్నవాళ్ళే ఆమె దగ్గరికి వచ్చేవారు.

"మ్యాపు మీద వంతెన దగ్గరి లోయ పదహారు మైళ్ళేనట, ప్రొఫెసర్‌గారు అంటున్నారు. వారం ఎందుకని అడుగుతున్నారు," అంది.

"మ్యాపు మీద వాన పడదు కదమ్మా," అన్నాడు ఎల్లాజీ. "కొండల్లో నడకని మైళ్ళలో సూడకూడదు, సంతల్లో సూడాలి. సంత ఉన్నరోజే కూలీలు దొరుకుతారు, బియ్యం దొరుకుతాది. ఆదివారం కొండకింద నుంచి ఎక్కుతాం. సోమవారం బొడ్డగుమ్మి సంత. మంగళవారం నడక. బుధవారం గెడ్డ పొంగుతాది, ఆగాలి. గురువారం తామరబంద సంత. శుక్రవారం నడక. శనివారం కంటికొండ సంత. ఆదివారం పొద్దుటికి మీ లోయ."

అది నిజమైన వ్యాపారి వేసే ప్లానే. అందులో బుధవారం ఒక్కటే దొంగ సరుకు. ఎల్లాజీ దాన్ని నిజం మధ్యలో కూరాడు.

పద్మకుమారి మ్యాపు మీదికి వంగింది. గోటితో బుధవారం మీద గీత పెట్టింది.

"ఇక్కడ ఆగక్కర్లేదు. తీగ వంతెన ఉందిగా."

"వానకి అది ఉంటాదో ఊడతాదో."

"ఉంది. నిన్ననే కనుక్కున్నాను. శనివారం పొద్దున్న లోయలో ఉంటాం, ఎల్లాజీగారూ."

ఆమె నవ్వింది. సెక్షన్ మనిషైతే ఆ గీత గీయకూడదు. లేదా శత్రువుల ఎదుట నమ్మకంగా కనిపించడానికి గీసిందేమో. ఎల్లాజీ రెండు రకాలుగానూ ఆలోచించి చూశాడు. ఎలా చూసినా పోయింది మాత్రం బుధవారమే.

"కూలీలకి ఇవ్వడానికి రెండు బస్తాల ఉప్పు కూడా కొన్నాం. కావడిలో కట్టించాను. ఈ కాలంలో కొండ మీద ఉప్పుకే విలువట కదా. ఆఖరి రోజున పంచుదాం, అప్పటిదాకా ఎవరూ విప్పకూడదు," అందామె.

"గోనె ఒక్కటీ వానకి సాలదమ్మా. అడ్డాకులు పరిచి కట్టాలి."

"గోనె చాలు."

పట్నం మనిషి, తెలీదనుకున్నాడు ఎల్లాజీ. ఆ మాట అక్కడితో వదిలేశాడు.

ఆదివారం పొద్దున్న కొత్తవలస స్టేషన్లో కూలీల బండి కొండెక్కడానికి సిద్ధంగా ఉంది. ఓపెన్ వ్యాగన్లో తట్ట బోర్లించి దాని మీద కూర్చుంది దాలమ్మ.

"ఏటి అన్నియ్యా, ఇలాగొచ్చావు? ఎండుసేప తెచ్చావేటి?"

"శనివారం బండికి రాకే."

"రాకపోతే? నాను నడిసొస్తానా? సంతకి బియ్యం ఎవుడు తెస్తాడు, నువ్వా?"

"ఒక్క వారం రాకు. వొంట్లో బాగులేదని సెప్పీ."

"నాకు వొంట్లో బాగానే ఉన్నాది. నీకే ఏటో అయినాది." అతని మొహం చూసి ఆమె గొంతు తగ్గించింది. "ఎందుకో సెప్పు, మానెస్తాను."

చెబితే ఆమె తట్ట పట్టుకునే నలుగురికి చెబుతుంది. నలుగురూ నలభైమందికి. సాయంత్రానికి హాల్డర్ ఆర్కిడ్లు ఏరడం మానేస్తాడు, ఇంకో శనివారం కోసం. ఎల్లాజీ ఒక చెల్లెలిని ఒక పక్కా, రెండు వందల మందిని ఒక పక్కా పెట్టి చూశాడు. తూకం మొగ్గినవైపే నిలబడ్డాడు.

"ఏం లేదులే. ఊరికినే."

బండి కదిలింది. "శనివారం సావడాలు అట్టే పెట్టు," అని అరిచింది దాలమ్మ.

కొండకింద గంగులు ఆ ఉప్పు కావడితో ఎదురుచూస్తున్నాడు. ఎల్లాజీకి పన్నెండేళ్ళుగా ఉప్పు మోసే మనిషి. తలమీద వానకి పెట్టుకునే తాటాకు గిడుగు, ముతక అంగోస్త్రం, భుజం మీద కాయ కాచిన మచ్చ.

"ఎవుడు బావా ఈ గడ్డపాయన? మొక్కలకి ఇంతదూరం ఎందుకు, మా పెరట్లో లేవేటి?"

"పెద్దోళ్ళు. నోరు మూసుకుని నడు."

సోమవారం వాన. మంగళవారం వాన. వైర్‌లెస్ సెట్టు మంగళవారం సాయంత్రం ఒకసారి గరగరమని, ఎండుచేపల వాసనలోనే ప్రాణం వదిలింది. బొత్తాం కెమెరా అద్దం లోపల నీళ్ళు చేరాయి. బుధవారం తీగ వంతెన ఉంది, ఆమె చెప్పినట్టే. ఎల్లాజీ అది తెగిపోయి ఉండాలని దారంతా కోరుకున్నాడు. దాటేటప్పుడు మాత్రం గట్టిగా పట్టుకున్నాడు.

ఆ నాలుగు రోజులూ అతను పెట్టెల మీద నుంచి కన్ను తీయలేదు. కూలీలు అన్నం వండుకునేటప్పుడు సీసాలు కదిపి చూశాడు. అట్టలు విప్పి, వాసన చూసి, మళ్ళీ కట్టాడు. గడియారం వెనక్కి తిప్పి చూశాడు. ఏమీ లేదు. జగన్నాధం రాసింది అక్షరాలా నిజం. సరుకు పెట్టెల్లో లేదు. మరి ఎక్కడ? మనుషుల ఒంటి మీద దాగేది కాదు, వంతెనని లేపడానికి కనీసం పదిహేను కిలోలుండాలి. పదిహేను కిలోలు ఈ కొండల్లో గాలిలో తేలి రావు. ఎవడో ఒకడు మొయ్యాలి.

గురువారం పద్మకుమారి అతని పక్కన నడిచింది. "డేవిడ్‌రాజుగారు బాగున్నారా?" అంది మెల్లిగా.

"నువ్వు మన మనిషివేనా అమ్మా?"

"నేను అందరి మనిషినీ. జగన్నాధంగారు కూడా ఇదే అడిగారు." కళ్ళద్దాల మీద వానచుక్కలు తుడుచుకుంది. "శనివారం సాయంత్రానికి ఎవరు నిలబడి ఉంటే వాళ్ళ మనిషిని."

శుక్రవారం చీకటి పడకముందే లోయ పైన ఒక రాతి చూరు కింద దిగారు. కింద గుమ్మగెడ్డ ఎర్రగా పొర్లుతోంది. వంతెన స్తంభాలు సగం మబ్బులో ఉన్నాయి. గంగులుని తప్ప మిగతా కూలీలని హాల్డర్ అక్కణ్ణించే వెనక్కి పంపేశాడు. మిగిలింది నలుగురు. హాల్డర్ కళ్ళజోడు తుడుచుకుంటూ వంతెనకేసి చాలాసేపు చూశాడు. ఆ చూపు ఆర్కిడ్ల కోసం కాదు.

ఎల్లాజీ కూలబడ్డాడు. ఇక చెయ్యడానికేమీ లేదు. పెన్నులో ముల్లు తుప్పు పట్టింది. పరిగెత్తుకెళ్ళి వంతెన కాపలావాడికి చెబుదామంటే మధ్యలో గెడ్డ, వెనక పద్మకుమారి, ఆమె చేతిసంచీలో దారిలో తను చూసిన పిస్తోలు. దాలమ్మ ఈపాటికి తట్ట కడిగి బోర్లించి ఉంటుంది.

గంగులు కావడి దించాడు. ఒక పక్క బస్తా తాళ్ళ మధ్యనుంచి రాయి ఒకటి తీసి పక్కన పెట్టాడు. ఇంకోటి తీశాడు. మూడోది తీశాడు.

"ఆ రాళ్ళేటిరా?"

"తూకానికి బావా. ఈ పక్క ఉప్పు కరిగి కారిపోతంది. రెండు రోజులకో రాయి పెడతన్నాను. లేకపోతే కావడి పక్కకి లాగేస్తాది."

"రెండో పక్క?"

"అది కరగట్లేదు. ఎత్తింది ఎత్తినట్టే ఉన్నాది." గంగులు భుజం రుద్దుకున్నాడు. "రెండు రకాల ఉప్పు కొన్నారేటో అనుకున్నాను."

ఎల్లాజీ లేచి కూర్చున్నాడు. "నాకెందుకు సెప్పలేదురా?"

"ఉప్పు సంగతి నీకు నాను సెప్పాలా బావా?"

పన్నెండేళ్ళ ఉప్పు వ్యాపారి. ఆరు రోజులుగా ఉప్పు అతని కళ్ళముందు నడుస్తోంది, ఒక పక్క కారుతూ, ఒక పక్క కారకుండా. అతను సీసాలు వాసన చూస్తూ కూర్చున్నాడు.

హాల్డర్, పద్మకుమారి చూరు అవతలి కొసన స్టవ్ వెలిగిస్తున్నారు. ఎల్లాజీ కరగని బస్తా మూతి దగ్గర చెయ్యి దూర్చాడు. జానెడు లోతు ఉప్పు. దాని కింద రబ్బరు గుడ్డ. గుడ్డలో సబ్బు బిళ్ళల్లా వరసగా, మెత్తగా, బరువుగా. బస్తా మూతికి గుర్తుగా ఎర్రదారం కట్టి ఉంది.

సరుకు దొరికింది. దొరికినా ఏం లాభం? ఇప్పుడే గెడ్డలో పారేస్తే హాల్డర్ చేతులు దులుపుకుని పోతాడు, తెలీని ఇంకో శనివారానికి. రేపు ఏడుంపావు దాటేదాకా తన సరుకు తన దగ్గరే ఉందని అతను నమ్మాలి.

అప్పుడు ఎల్లాజీ ఆ మూడు రాళ్ళకేసి చూశాడు. కరిగిన ఉప్పూ, మూడు రాళ్ళూ కలిపితే ఎంతో, కరగని బస్తా అంతే. అది తక్కెడ మాట కాదు, గంగులు భుజం మాట. ఆ భుజం ఆరు రోజుల్లో పలం తేడా కూడా ఒప్పుకోలేదు.

రాళ్ళు కరిగిన ఉప్పు బస్తా అడుగున చేరాయి. ఎర్రదారం ఒక మూతి నుంచి ఇంకో మూతికి మారింది.

"పొద్దున్న గడ్డపాయన దారం బస్తా ఎత్తుకుని దిగుతాడు," అన్నాడు ఎల్లాజీ గుసగుసగా. "ఆడు మలుపు తిరగ్గానే రెండోది నువ్వెత్తుకెళ్ళి గెడ్డలో పారీ. ఆవిడ విప్పి సూసిందంటే కేకేస్తాది. నాను కదిల్తే అనుమానం. నిన్ను ఎవులూ సూడరు."

"ఏటున్నాది బావా అందులో?"

"దాలమ్మ సావు."

గంగులు బస్తా మూతికి ఇంకో ముడి బిగించాడు.

శనివారం ఆరున్నర. హాల్డర్ వచ్చి ఎర్రదారం బస్తా ఎత్తాడు. చేతిలో ఒకసారి ఆడించి బరువు చూసుకున్నాడు, తల ఊపాడు. గడియారం, దానికి తగిలించే వేలెడు మందుతూటా జేబులో పెట్టుకుని వానలోకి దిగిపోయాడు. పద్మకుమారి రాతి అంచు దగ్గరకెళ్ళి బైనాక్యులర్స్ పెట్టుకుంది.

గంగులు రెండో బస్తాని కావడి బద్ద కొసకి తగిలించి భుజానికెత్తాడు. తలమీది గిడుగు తీసి ఎల్లాజీ తలకి పెట్టాడు.

"దిగేచోట పొదలు, దీంతో తగులుకుంటాది. నువ్వుంచుకో. నాను తడిస్తే కరుగుతానేటి?"

ఏడు కొట్టింది. ఏడూ అయిదు. పద్మకుమారి వెనక్కి తిరిగింది. కావడి దించిన చోట రెండు తడి మచ్చలున్నాయి.

"రెండో బస్తా ఏది?"

"ఉప్పమ్మా. కరిగిపోయింది."

ఆమె చేతిలోకి చిన్న పిస్తోలు వచ్చింది. నల్ల కళ్ళద్దాలు మొదటిసారి తీసింది. కళ్ళు వ్యాపారి కళ్ళు. ఎల్లాజీ వాటిని సంతల్లో చాలాసార్లు చూశాడు.

"ఆయన తీసుకెళ్ళినదాంట్లో ఏముంది?"

ఎల్లాజీ తలమీది గిడుగు సర్దుకున్నాడు. కొండ అవతల ఇంజన్ కూత వేసింది. ఆమె కేకేస్తే హాల్డర్‌కి వినిపించే దూరమే. పైకొచ్చి సరుకు వెతుక్కుని, పరుగెత్తి, అమర్చే టైం మాత్రం లేదు. ఆమె గడియారం చూసింది, వంతెన చూసింది, ఎల్లాజీని చూసింది. ఆ మూడు చూపుల్లో ఏ పక్క మిగులుతుందో చూసుకోవడం పూర్తయింది.

ఏడుంపావు. బండి వంతెన మీదికొచ్చింది. కింద స్తంభం దగ్గర, బస్తా ఉప్పులో గుచ్చిన తూటా ఒక్కటే పేలి టపాకాయంత చప్పుడైంది. గుప్పెడు తెల్లటి పొడి లేచి వానలో కలిసిపోయింది. ఓపెన్ వ్యాగన్లలో రెండు వందల తట్టలు, తట్టల కింద రెండు వందల తలలు, నెమ్మదిగా వంతెన దాటిపోయాయి.

హాల్డర్ ఆయాసపడుతూ పైకొచ్చాడు. చేతుల నిండా ఉప్పు. పద్మకుమారి వైపు చూసి ఏదో అనబోయాడు. ఆమె అతన్ని ఒకటే గుండుతో కాల్చింది. ఆమె ఎవరి మనిషో రుజువుతో చెప్పగలిగిన నోరు అదొక్కటే.

"రిపోర్టులో మీ పేరు కూడా రాస్తాను, ఎల్లాజీగారూ," అంది.

గంగులు తిరిగి రాలేదు. ఎల్లాజీ గెడ్డ ఒడ్డున మధ్యాహ్నం దాకా పిలిచాడు. దిగిన చోట ఒడ్డు విరిగి ఉంది. అక్కడ కూర్చుని అతను మళ్ళీ మొదటినుంచి కూడి చూసుకున్నాడు. బస్తాని చూరు కిందే వదిలేసి ఉంటే? అది అక్కడ లేదు కాబట్టే ఆ లోటు ఆమె కంటపడింది. ఉండి ఉంటే ఆ ముప్పావు గంటా దాని మొహమైనా చూసేది కాదేమో. గంగులుని పంపడం అవసరమే లేదేమో. ఎన్నిసార్లు కూడినా ఒక మనిషి తగ్గుతున్నాడు.

ఆదివారం దాలమ్మ సావడాలు కడుగుతూ అంది: "నిన్న వంతెన మీద నుంచి సూసాను అన్నియ్యా, ఎవుడిదో కావడి బద్ద గెడ్డలో కొట్టుకుపోతంది. పాపం, ఎవుడి పొట్టకూడో."

ఎల్లాజీ గిన్నె దింపి బయటికెళ్ళిపోయాడు.

నెల్లిమర్ల గోడౌన్లో డేవిడ్‌రాజు ఫైలు మూసి పెట్టుకుని కూర్చున్నాడు.

"K-9 రిపోర్టు నీకంటే ముందొచ్చింది. ఒంటిచేత్తో రింగ్‌ని ఛేదించిందట. ఢిల్లీ చాలా సంతోషంగా ఉంది."

"జగన్నాధం తడిసిన భుజం?"

"నాకు గుర్తుంది, నీకు గుర్తుంది. ఢిల్లీకి గుర్తుండక్కర్లేదు. పాము కాటని రాశారు."

"గంగులు?"

"అతని పేరు రిపోర్టులో ఎక్కడా లేదు." డేవిడ్‌రాజు కిటికీలోంచి వానకేసి చూశాడు. "శ్రావణంలో సాలూరు పైన ఇంకో ప్రయాణం ఉంది. వారం. ఇన్‌ఛార్జి ఆవిడే. ప్లాను నువ్వు వెయ్యాలి."

ఎల్లాజీ గుమ్మం దగ్గరికొచ్చాడు. పద్మకుమారి అక్కడే నిలబడి ఉంది. కొత్త చీర, అదే సెంటు, చేతిలో గొడుగు లేదు.

"బస్సు దాకా నన్ను కూడా తీసుకెళ్తారా, ఎల్లాజీగారూ? తడిసిపోతాను."

ఎల్లాజీ గంగులు గిడుగు తలకి పెట్టుకుని తాడు గడ్డం కింద బిగించుకున్నాడు.

"ఇది ఒక్క తలకే సరిపోతాదమ్మా," అని వానలోకి దిగాడు.